నత్తలు నిద్రపోయే మజిలీ

గవర్రాజు నిద్రలో నవ్వాడు.

గాజుగోడకి ఇవతల నిలబడ్డ హైమ ఆ నవ్వు చూసి ఊపిరి బిగబట్టింది. లోపల మంచం మీద తమ్ముడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నుదుటికి కలపట్టీ. భోంచేసి పడుకున్న మధ్యాహ్నపు నిద్ర. తెరిచిన కిటికీలోంచి కాకినాడ సముద్రపు గాలి వచ్చి అతని చొక్కా కాలరుని కదిలిస్తోంది. అతని కుడిచెయ్యి మాత్రం లేని తెడ్డొకటి పట్టుకుని, లేని నీళ్ళని మెల్లగా వెనక్కి తోస్తోంది.

"గెలుస్తున్నాడు," అంది డాక్టర్ కస్తూరి, తెర మీద గీతల్ని చూస్తూ.

గవర్రాజు కళ్ళు తెరిచాడు. లేచి కూర్చుని గుండెలనిండా గాలి పీల్చాడు. క్షయ బయటపడి రెండు నెలలు దాటింది. ఆ మాత్రం గాలి పీలిస్తే చాలు, దగ్గుతెర వచ్చి మనిషిని మెలితిప్పేసేది. ఇప్పుడు రాలేదు.

"అక్కా, పోయిందే!" అన్నాడు. "ఒట్టు. మొత్తం పోయింది."

హైమ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత చాలాకాలం, ఆ చప్పట్లు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తన చేతులు తనవి కావనిపించేది.

కలపట్టీ కస్తూరి కనిపెట్టింది. మెదడు మీద ఆమె ఇరవై ఏళ్ళు చేసిన పనంతా ఆ రెండువేళ్ళ వెడల్పు గుడ్డలో ఉంది. నిద్రపోయేవాడికి అది ఒక ఆట పంపిస్తుంది. వాడు దాన్ని చూడడు, అందులో ఉంటాడు. ఒక్కో రోగానికి ఒక్కో మజిలీ. జ్వరం మజిలీలో ఒళ్ళు కాలుతుంది, మందు పడితే చెమట పట్టి చల్లబడుతుంది. లేచాక పాఠం గుర్తుండకపోవచ్చు. ఒంటికి మాత్రం గుర్తుంటుంది. డెంగీ మజిలీ ఆడిన ఓ పిల్ల మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి కొబ్బరిచిప్పలూ పూలకుండీల పళ్ళేలూ బోర్లించేసింది. ఎవరు చెప్పారే అని వాళ్ళమ్మ అడిగితే, "ఎవరూ చెప్పలేదు. చేతులు ఊరుకోవట్లేదు," అందట.

బడిపిల్లలకి రోగాల గురించీ వైద్యాల గురించీ నేర్పే ఆ ఆటకి మజిలీలు కట్టడం హైమ పని. క్షయ మజిలీ కోసం ఆమె ఎక్కడికో పోలేదు. పక్కనే ఉన్న కోరింగ మడ అడవికి పడవ మీద వెళ్ళి కూర్చుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకునే ఆ వేర్లని చూసి, ఇవే ఊపిరితిత్తులు అనుకుంది. వేర్లకి అంటుకుని పాలిపోయిన నత్తలు. వాటి చుట్టూ మైనపు డొప్ప. ఆడేవాడి పడవలో నాలుగు దీపాలు, అవే నాలుగు మందులు. దీపం తగిలితే మైనం కరుగుతుంది, నత్త రాలిపోతుంది. అక్కడిదాకా భలే హుషారుగా ఉండేది.

ఆ మొదటి రెండు నెలల తర్వాతే చిక్కు. కొన్ని నత్తలు బురదలోకి దిగి నిద్రపోతాయి. పైకి కనపడవు. రోజూ అదే కాలవలో, ఒక దీపం ఆర్పేసి మిగిలిన మూడింటినీ బురదలోకి దించుకుంటూ, నాలుగు నెలలపాటు తిరగాలి. ఏమీ జరగదు. ఎవరూ తరమరు. పాయింట్లు రావు.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ప్రతి మజిలీనీ ముందు ఉద్యోగుల ఇంటివాళ్ళే ఆడాలి. ఆడేవాడికి విసుగు పుడితే మంచం తలాపున పసుపు దీపం వెలుగుతుంది. దీపం వెలిగిన ముక్కని ఆ పూటే కోసిపారెయ్యాలి. దాని పేరు విసుగు దీపం. కొయ్యడంలో హైమది అందె వేసిన చెయ్యి. అందరూ కత్తెర హైమ అనేవారు, ఆమె మురిసిపోయేది.

బురద భాగం ఎవరు ఆడినా విసుగు దీపం వెలిగింది. హైమ ఆ నాలుగు నెలల్నీ కోసేసింది. ఆ చోట ఒక్క సూర్యోదయం పెట్టింది. ఆమె జీవితంలో గీసిన వాటన్నిటిలోకీ అందమైన సూర్యోదయం అది. ఆటు పోయి పోటు వస్తుంది, అడవంతా ఒక్కసారిగా ఆకుపచ్చగా నిట్టూరుస్తుంది, పడవ మెరుస్తున్న ఒడ్డుకి తగులుతుంది. ఆట అయిపోతుంది.

గవర్రాజు నవ్వింది ఆ సూర్యోదయాన్ని చూసే.

*

నెల తిరక్కుండానే గవర్రాజు భార్య లోవలక్ష్మి ఆఫీసుకొచ్చింది. వస్తూనే చేతిసంచీ బల్ల మీద బోర్లించింది. నూనె మరకల మాత్రల అట్టలు. ఒక్కటీ విప్పలేదు.

"పానాల పెట్టెలో దొరికాయి వదినా," అంది. "మింగేశానని రోజూ నోరు తెరిచి మరీ చూపిస్తున్నాడు. నేనేమో నమ్మేసి అట్లు పోసి పెడతన్నాను. మీ తమ్ముడికి ఇక్కడేం పెట్టి పంపించారు? అడిగితే గెలిచేశానే అంటాడు. ఏం గెలిచాడండీ? ఎవరి మీద?"

హైమ ఓ అట్ట సంచీలో వేసుకుని బయల్దేరింది.

జగన్నాథపురంలో కాలవ ఒడ్డున గవర్రాజు షెడ్డు. పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. హైమ వెళ్ళేసరికి ఓ డీజిల్ ఇంజను పొట్టలో మోచేతిదాకా చెయ్యి పెట్టి ఉన్నాడు. భుజాల ఎముకలు చొక్కాలోంచి తెలుస్తున్నాయి.

"ఏంటే, దారి తప్పావా?"

"మాత్రలు ఎందుకు మానేశావురా?"

"ఆ చాడీలకోరు వచ్చిందా నీ దగ్గరికి!" నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు సాగింది. చేతిలో ఉన్న ఇంజను గుడ్డతోనే నోరు తుడుచుకున్నాడు. గుడ్డ మీద ఎర్రటి చార.

"ఏంట్రా అది?"

గవర్రాజు ఆ చారని తేరిపార చూశాడు. "తుప్పు," అన్నాడు తేలిగ్గా. "ఇంజన్ది."

అబద్ధం ఆడుతున్న మొహం కాదది. అతనికి నిజంగానే తుప్పులా కనపడుతోంది. హైమకి భయమేసింది అక్కడే.

ఓ మాత్ర విప్పి అతని చేతిలో పెట్టింది. "నా ఎదురుగుండా మింగు."

"నీకోసం ఏదైనా మింగుతాను." నోట్లో వేసుకుని నీళ్ళు పోసుకున్నాడు. గొంతు మూసుకుపోయింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. మాత్ర బయటికొచ్చి పడింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అంతే.

"నా మీద కోప్పడకే," అన్నాడు నీరసంగా. "పెళ్ళిభోజనం పీకలదాకా తిన్నాక మళ్ళీ విస్తరేసి కూర్చోమంటే ఎలాగుంటాది? అలాగుంది. ఒళ్ళు వద్దంటంది. నాకు తగ్గిపోయిందక్కా. నీకు తెలీదు, నా ఒంటికి తెలుసు."

*

"మాటలు పనిచెయ్యవు," అంది కస్తూరి. "మెలకువలో చెప్పింది చెవికి చేరుతుంది. కలలో చెప్పింది ఒంటికి చేరుతుంది. చెవి ఓడిపోతుంది, హైమా."

"అయితే కలలోనే చెబుదాం. వాణ్ణి ఓడిపోనిద్దాం."

"వద్దు." కస్తూరి గొంతు గట్టిపడింది. "మలేరియా మజిలీలో ఓడినవాడు లేచాక మూడురోజులు వణికాడు. ఒంట్లో ఏ జ్వరమూ లేదు. మీ తమ్ముడి ఒంట్లో నిజంగా జబ్బుంది. కలలో ఓడితే ఒళ్ళు చేతులెత్తేస్తుంది."

వచ్చేవారం ఆ ఆట జిల్లాలోని బళ్ళన్నిటికీ వెళ్ళబోతోంది. కరపత్రాల కట్టలు గోడ వారగా పేర్చి ఉన్నాయి.

"ఆ పిల్లలకి క్షయ లేదుగా," అంది కస్తూరి, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

"రేపు వాళ్ళలో ఒకడికి వస్తే? రెండు నెలలు మింగి, దగ్గు తగ్గిన రోజున, ఒడ్డు వచ్చేసిందని వాడి ఒళ్ళే వాడికి చెబుతుంది. నేను నేర్పించాను మేడమ్. ప్రతి పిల్లాడికీ ఒక్కొక్క తప్పుడు సూర్యోదయం."

కస్తూరి ఫోను తీసి, బళ్ళకి పంపడం ఆపెయ్యమని చెప్పింది. అవతలి గొంతు అరుస్తుంటే ఫోను బల్ల మీద పెట్టేసి హైమ వైపు తిరిగింది.

"నువ్వు కోసేసిన ముక్క ఉందా?"

"ఉంది."

"అదే పంపాలి. ఆ నాలుగు నెలలూ వాడు ఆ బురదలో తిరగాలి. కలలో నాలుగు నెలలంటే బయట ఓ మధ్యాహ్నం. కానీ ఎవడూ నిలవడు. విసుగు పుట్టగానే మెలకువ వచ్చేస్తుంది. అందుకేగా కోశావు."

"పక్కన ఇంకో మనిషి ఉంటే?"

కస్తూరికి అర్థమైంది. రెండు పట్టీల్ని కలపొచ్చు. ఇద్దరూ ఒకే కలలో ఉంటారు. కానీ ఆ మడ అడవి ఎవరి ఊపిరితిత్తులైతే, పడవలో ఉన్నవాళ్ళిద్దరివీ అవే అవుతాయి.

"లేచేసరికి నీ ఒళ్ళు కూడా నీకు క్షయ ఉందనుకుంటుంది," అంది. "నీకు జబ్బుండదు. మందివ్వడానికి లేదు. ఎప్పటికి తగ్గుతుందో నాకు తెలీదు."

"వాడు నా తమ్ముడండీ," అంది హైమ.

గవర్రాజుని ఒప్పించడం కష్టం కాలేదు. ఇంకో ఆటంటే చేతులు తుడుచుకుని వచ్చేశాడు. కిటికీలన్నీ తెరిపించి, అందరి మొహాలకీ మాస్కులు కట్టించింది కస్తూరి. రెండు మంచాలు పక్కపక్కన వేశారు. లోవలక్ష్మి గుమ్మంలో కూర్చుంది.

"ఈసారి గెలుపు ఉండదురా," అని ముందే చెప్పింది హైమ.

"గెలుపు లేని ఆట ఎవడాడతాడే?"

"నాకోసం ఆడు."

"ఆడతాలే. చిన్నప్పుడు నీ దొంగాటలు ఎన్ని ఆడలేదు!" అని పట్టీ కట్టుకున్నాడు.

*

పడవ ఎప్పుడెక్కారో గుర్తులేదు. కలలో ఎవరికీ గుర్తుండదు.

నీళ్ళు గంజిలా చిక్కగా, కదలకుండా ఉన్నాయి. అటూ ఇటూ మడచెట్లు. బురదలోంచి వేలవేల వేర్లు వేళ్ళలా లేచి గాలి పీల్చి వదులుతున్నాయి. పీల్చినప్పుడు అడవంతా కొంచెం పైకి లేస్తోంది, వదిలినప్పుడు దిగుతోంది. ఎవరో పెద్దమనిషి నిద్రపోతుంటే అతని గుండెల మీద కూర్చున్నట్టుంది.

పొద్దున్న అయింది. దీపం దించారు. ఏమీ జరగలేదు. పొద్దుగూకింది. మళ్ళీ పొద్దున్న అయింది.

"ఇదేం ఆటే, జీడిపాకం సాగినట్టు!" అన్నాడు గవర్రాజు. "అదుగో, అటు చూడు. ఒడ్డు. పద పోదాం."

కాలవ చివర హైమ గీసిన సూర్యోదయం నిలబడి ఉంది. దాన్ని ఆమె తీయించింది. కానీ తమ్ముడి ఒంట్లో అది ఉంది కాబట్టి ఇక్కడా ఉంది. నారింజ వెలుగు నీళ్ళ మీదుగా పాకి వచ్చి పడవ ముక్కుని నాకుతోంది. అటు చూస్తే హైమకే వెళ్ళిపోవాలనిపించింది. ఇంత బాగా ఎందుకు గీశాను అనుకుంది. తెడ్డు లాక్కుని పడవని వెనక్కి తిప్పింది.

"నీకు బుర్ర పనిచేస్తందా? అటు పోతే అయిపోద్ది కదే!"

"కూర్చో. కబుర్లు చెప్పు."

"ఏం కబుర్లు?"

"ఏదో ఒకటి. ఇంజను ఎలా విప్పుతావో చెప్పు."

చెప్పాడు. మొదటి బోల్టు దగ్గర్నించి మొదలెట్టాడు. ఏ పానా ఎటు తిప్పాలో, ఏ వాల్వు దగ్గర చెవి పెట్టి వినాలో, ఆయిలు వాసన బట్టి జబ్బెలా చెప్పొచ్చో. విప్పడం అయ్యాక బిగించడం చెప్పాడు. బిగించడం అయ్యాక మళ్ళీ విప్పడం మొదలెట్టాడు. ఎన్ని పొద్దులు గడిచాయో. ఒకే రుచి లేని నీళ్ళు, ఒకే కొంగ, ఒకే కొమ్మ. హైమకి ఎక్కడో దూరాన, కలకి అవతల, పసుపుపచ్చగా ఏదో వెలుగుతున్నట్టు అనిపించేది. అప్పుడల్లా తమ్ముడి చెయ్యి పట్టుకునేది. ఆ పసుపు వెలుగు ఆరిపోయేది.

నెమ్మదిగా ఆమె ఛాతీ బరువెక్కసాగింది. సాయంత్రమైతే వెచ్చగా జ్వరం. పక్కటెముకల లోపల నత్త ఒకటి మెల్లగా జరుగుతున్నట్టు తెలుస్తోంది. ఆమె తమ్ముడికి చెప్పలేదు.

ఒక తెల్లవారుజామున నీళ్ళు ఎన్నడూ లేనంత వెనక్కి పోయాయి. పడవ బురద మీద కూర్చుండిపోయింది. గవర్రాజు వంగి చూశాడు.

బురద నిండా చిన్నచిన్న బుడగలు. ఒక్కో బుడగ కింద ఒక్కో నత్త. కళ్ళు మూసుకుని, డొప్పలో ముడుచుకుని, ఓపిగ్గా నిద్రపోతున్నాయి.

"ఇవి ఉన్నాయే," అన్నాడు.

"ఉన్నాయి."

"మరి గెలిచాం కదా?"

"గెలిచినట్టు నేను చూపించానురా."

గవర్రాజు తలెత్తి దూరాన ఉన్న సూర్యోదయం కేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అది నువ్వు గీసిందా?"

"ఆఁ."

"చాలా బాగా గీశావే అక్కా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అది ఉంటే హైమకి తేలిగ్గా ఉండేది.

అతనే దీపం అందుకున్నాడు. పడవ అంచున బోర్లా పడుకుని, మోచేతిదాకా బురదలో దించాడు, ఇంజను పొట్టలో దించినట్టే. ఒక నత్త కరిగింది. మర్నాడు ఇంకోటి. సూర్యోదయం ఎప్పుడు మాసిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

*

గవర్రాజు కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో ఎండ ఇంకా ఉంది. లేచి కూర్చున్నాడు. నవ్వలేదు.

"లోవా," అన్నాడు. "ఆ మాత్రలేవే?"

ఆవిడ పరిగెత్తుకొచ్చింది. మాత్ర గొంతు దిగింది. నీళ్ళు తాగి గ్లాసు కింద పెడుతుంటే పక్కమంచం మీంచి దగ్గు వినపడింది. ఆగని దగ్గు. గవర్రాజు తిరిగి చూశాడు. హైమ ఒక చేత్తో ఛాతీ పట్టుకుని, రెండో చెయ్యి మాత్రల అట్ట వైపు చాపి ఉంది. కస్తూరి వచ్చి ఆ చెయ్యిని మృదువుగా వెనక్కి తీసింది.

ఆసుపత్రివాళ్ళు గవర్రాజుని తిట్టారు, పరీక్షించారు. క్షయ క్రిములు ఇంకా మందుకి లొంగుతున్నాయన్నారు. కానీ వైద్యం మళ్ళీ మొదటినుంచీ. అతను సరేనని తల ఊపాడు.

ఆట బళ్ళకి ఆలస్యంగా వెళ్ళింది. విసుగు దీపాన్ని కస్తూరే స్టూలెక్కి విప్పేసింది. క్షయ మజిలీలో రెండో సగం ఇప్పుడు ఇద్దరు కలిసి ఆడితేగానీ తెరుచుకోదు. అమ్మతోనో, అన్నతోనో, పక్కింటి పిల్లతోనో. "ఏముందండి అందులో, ఊరికే కూచోడమేగా!" అని కొందరు మాస్టర్లు ఫిర్యాదు చేశారు. ఆ మజిలీ ఆడిన పిల్లలు మాత్రం ఇంట్లో ఎవరైనా మందు వేసుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చునేవారట, ఏమీ మాట్లాడకుండా.

హైమకి ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. కళ్ళె శుభ్రం. నెత్తురు శుభ్రం. మనిషి మాత్రం చిక్కిపోయింది. సాయంత్రమైతే జ్వరం. రోజూ పొద్దున్నే జగన్నాథపురం వెళ్ళి, తమ్ముడు మాత్రలు మింగుతుంటే ఎదురుగా కూర్చుని ఉత్త నీళ్ళు తాగేది. కస్తూరి ఆ పాత సూర్యోదయాన్ని ఆమెకి కలలో పంపి చూసింది. పనిచెయ్యలేదు. తన చేత్తో గీసిన పొద్దుని ఆమె ఒళ్ళు నమ్మలేదు.

వానలు వచ్చి వెళ్ళాయి. గవర్రాజు కోర్సు పూర్తయింది. కళ్ళె పరీక్షలో ఏమీ లేదన్నారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిన్నగా ఆఫీసుకొచ్చాడు. బరువు పెరిగాడు. మంచం మీద పడుకుని దగ్గుతున్న అక్కని చూసి, కస్తూరి వైపు తిరిగాడు.

"మేడమ్‌గారూ, అక్కకో పట్టీ, నాకో పట్టీ కట్టండి. నేనెళ్ళి ఆ బురదలోంచి తీసుకొస్తానండి."

"నువ్వెందుకు?" అంది కస్తూరి. "మళ్ళీ జబ్బు నీ ఒంటికి ఎక్కుతుంది."

"ఎక్కదండి. తగ్గడం అంటే ఎలాగుంటాదో ఇప్పుడు నా ఒంటికి తెలుసు. నిజంది."

*

హైమ పడవలో ఒక్కతే ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో. అడవి బరువుగా లేచి, బరువుగా దిగుతోంది.

పడవ ఊగింది. వెనకనించి ఎవరో ఎక్కారు. డీజిలు వాసన.

"జరుగు," అన్నాడు గవర్రాజు. తెడ్డు తీసుకున్నాడు.

పడవ కదిలింది. హైమ కాలవ చివరకి చూసింది. వెలుగేమీ లేదు. మామూలు మధ్యాహ్నం. నీళ్ళ మీద మామూలు ఎండ.

"పొద్దు ఏదిరా?" అంది. "ఒడ్డు దగ్గర పొద్దు పొడవాలి కదా?"

"పొద్దూ లేదు, గిద్దూ లేదు." తెడ్డు వేస్తూ అన్నాడు. "ఓ రోజు షెడ్డులో ఇంజను విప్పుతున్నాను. సగం అయ్యాక చూసుకుంటే, పొద్దుట్నించీ దగ్గు సంగతే గుర్తులేదు. అంతేనే. తగ్గడం అంటే అంతే."

"అంతేనా?"

"ఆఁ. మొదటి బోల్టు నుంచి చెప్పనా?"

"చెప్పు."

చెప్పడం మొదలెట్టాడు. అటూ ఇటూ మడచెట్లు వెనక్కి జరుగుతున్నాయి. కొంతదూరం పోయాక హైమ ఏదో అడగబోయి, అడగడానికి ఊపిరి తీసుకుంది. ఊపిరి లోపలికి వెళ్ళింది. ఇంకా వెళ్ళింది. ఎక్కడా ఆగకుండా వెళుతూనే ఉంది.